అతిమధురం ముద్ర

లీడ్స్ నుంచి పాంటిఫ్రాక్ట్ వెళ్ళే రైలు
మంగళవారం పూట దాదాపు ఖాళీ.
ఎదురు సీట్లో హెస్టర్ ఓల్డ్‌రాయిడ్, నా చరిత్ర పంతులమ్మ,
కాగితంలోంచి రొట్టెముక్క తీస్తూ అంది:
"నీ వ్యాసంలో సమ్మతి అన్న మాట నలభై ఒక్కసార్లు వచ్చింది.
ఒక్కసారీ దానికి తడి తగల్లేదు."

తడి అంటే ఏమిటని అడగలేదు.
కిటికీ మీద వాన అడ్డంగా పాకుతోంది.

తత్వం చెప్పే కినియర్ గారిది వేరే దారి.
బోర్డు మీద ఒక వృత్తం గీస్తాడు, లోపల ఏమీ రాయడు.
"ఊరి పేరు చెరిపెయ్, తేదీ చెరిపెయ్,
మనిషికి ఆకలి ఉందన్న సంగతి కూడా కాసేపు చెరిపెయ్.
ఇప్పుడు చెప్పు,
ఒకడి మాట ఇంకొకడు ఎందుకు వినాలి?"
ఆ ప్రశ్న నాకిష్టం.
ఎండాకాలం మధ్యాహ్నం సున్నం కొట్టిన గదిలా చల్లగా ఉంటుంది.
ఆ గదికి తలుపు ఎటుందో ఆయనా చెప్పలేదు.

మ్యూజియం చిన్నది. కావలి ఆయనది బొంగురు గొంతు.
అద్దం వెనక ఒక పెట్టె:
పద్దెనిమిది వందల డెబ్బై రెండు, ఆగస్టు పదిహేను.
తేదీ చూసి ఉలిక్కిపడ్డాను, మన జెండా రోజు.
చరిత్ర ఇలాంటి పరాచికాలాడుతుంది, అర్థం వెతక్కు, అంది హెస్టర్.
ఈ దేశంలో పార్లమెంటుకు తొలి రహస్య ఓటు పడింది ఇందులోనే.
మూత మీద లక్క. లక్క మీద ఒక కోట, ఒక గుడ్లగూబ.
రాజముద్ర కాదు.
ఈ ఊళ్ళో మిఠాయి బిళ్ళల మీద కొట్టే అచ్చు.
అతిమధురం బిళ్ళలు.

అతిమధురం!
మా ఇంట్లో గొంతు పట్టేస్తే నమలమని ఇచ్చే వేరు.
ఇక్కడ అదే
గొంతెత్తక్కర్లేని ఓటుకు కాపలా కాసింది.

అంతకు ముందు ఓటంటే
మెట్లెక్కి, పేరు చెప్పి, ఎవరికో పైకే చెప్పాలి.
కింద భూస్వామి గుమాస్తా విని రాసుకుంటాడు.
మర్నాడు కౌలూ, కొలువూ, పాత బాకీ
అన్నీ గుర్తొస్తాయి దొరకి.

"నలుగురిలో చెప్పలేని నిర్ణయం న్యాయమెలా అవుతుంది?
ఓటు నీ సొంత ఆస్తా, ఊరు నీ దగ్గర దాచుకున్న సొమ్మా?"
నా చెవిలో కినియర్.
"ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు చేత్తో పట్టుకుని
అడగమను ఆ ప్రశ్న."
పక్కన హెస్టర్.
మళ్ళీ తనే, పెట్టె వైపు చూస్తూ,
"ఇందులో ఒక్క ఆడదాని కాగితమూ లేదు, తెలుసుగా."
తెలుసు.
మనిషి అన్న మాట మాత్రం అప్పుడూ
వృత్తంలా నిండుగానే ఉండేది.

నేను నా కుడి బొటనవేలు చూసుకుంటున్నాను.

నందికొట్కూరు అవతల ఒక బడి.
లెక్కల టీచర్ని, ఎన్నికల డ్యూటీ, కరెంటు లేదు.
కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తుంటే బొట్టు జారి వేలి మీద పడింది.
పొద్దుటి నుంచీ ఒకరినొకరు నమ్మని ఏజెంట్లు
ఒక్కసారే చెంబులెత్తి నా చేతి మీద నీళ్ళు పోశారు.
అంతకు గంట ముందు, ఆఖరి ఓటరు కాశింబీ,
బీడీలు చుట్టే ఆవిడ,
అట్ట చాటున చాలాసేపు ఉండిపోయింది.
తొందర పెడితే లోపల్నుంచే అంది:
"ఉండు టీచరమ్మా,
నన్నెవరూ చూడని చోటు ఇదొక్కటే."

లక్కతో ఇల్లు కట్టారంటే తగలబెట్టడానికేనని
మనకు చిన్నప్పుడే చెబుతారు.
చిటికెడు లక్క ఏం కాపాడుతుందో ఎవరూ చెప్పరు.

తిరుగు రైల్లో వ్యాసం తీసి
ఒక సమ్మతి కొట్టేసి, దాని మీద రాశాను:
కాశింబీ, అట్ట చాటున, మూడు నిమిషాలు.
"ఇది ఉదాహరణ, వాదన కాదు" అంటాడు కినియర్.
హెస్టర్ అప్పుడే తల వంచి చూసి
"ఏ ఏడు? ఆధారం?" అంది.

సంతలో కొన్న నల్లబిళ్ళ నోట్లో వేసుకున్నాను.
పేరంత తీపి కాదు.
త్వరగా కరగదు కూడా.